తాతకు దగ్గులు, పెంబర్తికి ఐడియాలు

నిరుద్యోగానికి ఎట్టకేలకు మందు కనిపెట్టారు. దాని పేరు ఐడియా. చేతిలో ఫోను, బుర్రలో ఒక ఐడియా ఉంటే చాలట. జనగామలో అరుగు మీద కూర్చుని అమెరికాకు సరుకు అమ్ముకోవచ్చు. మహబూబాబాద్ తండాలో అద్దాల కుట్టుపని చేసే ఆడబిడ్డ రాత్రికి రాత్రి బ్రాండ్ అయిపోవచ్చు. భూపాలపల్లిలో సింగరేణి కొలువు దొరకని పిలగాడు రీళ్లు తీసి కారు కొనొచ్చు. ఈ బోధ చేసేవాళ్లు మూడు రకాలు: వేదికలెక్కే నాయకులు, యాప్‌ల యజమానులు, ఆన్‌లైన్‌లో కోర్సులమ్మే గురువులు. ముగ్గురి భాషా వేరైనా మతలబు ఒక్కటే: నీకింకా డబ్బు రాలేదంటే తప్పు నీ బుర్రదే. అప్పు పుట్టడం, సరుకు కదలడం, పైసలు చేతికి రావడం అన్నీ సజావుగానే ఉన్నాయట, మన జనానికి ఆలోచనలే కరువయ్యాయట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఆలోచనల కరువు ఎక్కడుందో వెతుకుదాం. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు లోహపు తొడుగులు చేసిన విశ్వకర్మల ఊరు. రాజ్యం పోయాక ఆ గిరాకీ పోయింది. నిజాం కాలం వచ్చేసరికి అవే చేతులు పాన్‌దాన్లు, అత్తరు దాన్లు చేశాయి. ఆ కాలమూ వెళ్లిపోయాక గోడకు తగిలించే ఫలకాలు, సన్మాన సభల్లో ఇచ్చే జ్ఞాపికలు చేస్తున్నాయి. మార్కెట్ మారిన ప్రతిసారీ సరుకు మార్చుకోవడాన్ని నేటి గురువులు గంటసేపు పాఠంగా చెబుతారు. పెంబర్తి వాళ్లు ఏ పాఠమూ వినకుండానే ఆ పని కొన్ని వందల ఏళ్లుగా చేస్తున్నారు. ఇంకాస్త ముందుకు పోతే ఆలేరు మండలం శారాజీపేట. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయడానికి, అంటే నూలును కొయ్యల చుట్టూ తిప్పడానికి, తల్లి లక్ష్మి 9000 సార్లు చెయ్యి తిప్పుతూ భుజం నొప్పితో బాధపడుతుంటే, బడి మధ్యలో మానేసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఐడియాకు ఏళ్ల తరబడి తిండి పెట్టాల్సి వచ్చిందన్న సంగతిని మాత్రం ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టించేవాళ్లు చెప్పరు. ఐడియా ఒక పూటలో తడుతుంది, దాన్ని బతికించుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లకు డబ్బు కావాలి.

సరే, పెంబర్తిలో ఒకరు సరుకు చేయాలనుకున్నారనుకుందాం. ఇత్తడి రేకును ముందుగానే సొంత డబ్బుతో, లేదా మిత్తికి తెచ్చి కొనాలి. రోజుల తరబడి సుత్తి, ఉలి పట్టాలి. తర్వాత ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్న వ్యాపారికి 2023 అక్టోబరు నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే వెసులుబాటు వచ్చింది. అయితే ఆన్‌లైన్ దుకాణం మీదుగా పక్క రాష్ట్రానికి అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, రిటర్నులు వెయ్యాలి. ప్రపంచమంతా నీ మార్కెట్టే అన్న ఉపన్యాసం మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుందన్నమాట. కొరియర్ వాళ్లు ఇత్తడిని తూకం వేస్తారు, పెట్టె పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. కొన్నాయన ఫొటోలో రంగు వేరుగా ఉందని వాపసు పంపితే రానూపోనూ ఖర్చు భారం చివరికి వచ్చి పడేది చేసినవాడి నెత్తినే. రేకు కొన్న నాటి మిత్తి మాత్రం ఏ రోజూ వాపసు పోదు. మహాదేవ్‌పూర్ టస్సర్ పట్టు చీరదీ ఇదే గతి: అది తేలిక కనుక కొరియర్ ఖర్చు తగ్గుతుంది గానీ, వాపసు వచ్చే భయం తగ్గదు.

వస్తువులు వద్దు, వీడియోలు చేసుకో అంటారు గురువులు. లెక్క చూద్దాం. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. చిన్న వీడియోలైతే 90 రోజుల్లో కోటి వ్యూలు రావాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల జనాభా 2011 లెక్కల ప్రకారం మొత్తం కలిపినా 18 లక్షలకు మించదు. అంటే ఉయ్యాలలోని పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరూ మూడు నెలల్లో ఐదారుసార్లు చూస్తే, అప్పుడు భూపాలపల్లి పిలగాడికి ఆదాయంలో వాటా అడిగే అర్హత వస్తుంది. ఆ గీత దాటేదాకా అతను పోసిన చెమటంతా కంపెనీకి కట్నమే. గీత దాటాక కూడా చిన్న వీడియోల ఆదాయంలో అతని పాలు నూటికి 45. పొలం గట్టున జానపద పాట చిత్రీకరించాలంటే పాడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, ఆడేవాళ్లు, కెమెరా, ఎడిటింగ్ కావాలి. వీళ్లందరికీ అన్నం పెట్టేది కంపెనీ కాదు, ఆ పిలగాడి తండ్రి.

మరి యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న గంగవ్వ మాటేమిటి అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిందే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ బృందం 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో నిజమైన విజయం, మన భాషకు, మన యాసకు గర్వకారణం. అందులో నటించే గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లేసరికి ఆ ఛానెల్‌కు ఎనిమిదేళ్లు. ఒక్కరి ఐడియా కాదది, ఒక ఊరు, ఒక బృందం కలిసి ఏళ్ల తరబడి చేసిన పని. పైగా వాళ్లు మొదలుపెట్టినప్పుడు ఈ 4000 గంటల నిబంధనే లేదు, 2018లో వచ్చింది. ముందు ఎక్కినవాళ్లను చూపించి, నిచ్చెన మెట్లు పెంచాక ఎక్కమంటున్నారు. అయినా ఒక ఊరు గెలిచిందంటే ప్రతి ఊరూ గెలుస్తుందని అనడానికి ప్రతి ఊరి వీడియోలూ చూసేంత తీరిక తెలుగువాళ్లకు ఉండాలి. వాళ్లూ వీడియోలు తీయడంలో మునిగిపోతే ఇక చూసేదెవరు?

ఆన్‌లైన్‌తో దళారి పోయాడు కదా, అదైనా మేలు కాదా అన్నది రెండో ప్రశ్న. దళారి పోలేదు, ఊరు మారాడు. పాత దళారి కనీసం గల్లా పట్టుకుని అడగడానికి మనిషిగా దొరికేవాడు. కొత్తవాడు కమీషన్ సున్నా అని బోర్డు పెట్టి, నీ సరుకు పైన కనబడాలంటే ప్రకటనకు కట్టమంటాడు. నిలదీస్తే చాట్‌బాట్ నమస్కారం పెడుతుంది. అంతమాత్రాన ఆన్‌లైన్ దండగని అనలేం. మహబూబాబాద్ జిల్లాలోనే కేసముద్రం మార్కెట్ యార్డులో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వేలం నడుస్తోంది. 2016 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా మొదలైన ఈ పద్ధతిలో రైతు తెచ్చిన కుప్పకు నంబరు ఇస్తారు, నాణ్యత చూస్తారు, వ్యాపారులు కంప్యూటర్‌లో ధర వేస్తారు, తూకం వేశాక డబ్బు లెక్క కడతారు. దీనికీ లోపాలున్నాయి. అయినా తేడా గమనించండి: ఇక్కడ రైతును ఐడియా తెమ్మని ఎవరూ అడగలేదు. యార్డు, కాంటా, చట్టం, అడిగితే జవాబు చెప్పే కార్యదర్శి ముందే ఉన్నారు, కంప్యూటర్ ఆ తర్వాత వచ్చింది. పెంబర్తి దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ముందు వచ్చింది, మిగతావి రాలేదు.

మిగతావి తేవడం ఖర్చుతో కూడిన పని, ఐడియాలను మెచ్చుకోవడం చవక. అందుకే ప్రభుత్వాలకు రెండోదంటే ముద్దు. హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం 2015లో టీ-హబ్ వచ్చింది. 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ పేరిట పంద్రాగస్టు నాడు జిల్లాల్లో ఆవిష్కరణల ప్రదర్శనలు పెట్టారు. మంచిదే, కానీ ప్రదర్శన బల్ల మీది యంత్రానికి ఆగస్టు 16 నాడు అప్పు ఇచ్చే బ్యాంకు కావాలి. కేంద్రం 2023లో తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో ఐదు శాతం మిత్తికి అప్పు ఉంది, అది మెచ్చుకోవాల్సిన భాగం. అదే పథకంలో ఒక్కో డిజిటల్ లావాదేవీకి రూపాయి చొప్పున, నెలకు 100 లావాదేవీల దాకా ప్రోత్సాహకమూ ఉంది. అంటే నెలంతా కష్టపడి అమ్మిన కళాకారుడికి డిజిటల్ విప్లవం ఇచ్చే గరిష్ఠ బహుమతి అక్షరాలా వంద రూపాయలు. ఆ పైసలతో కొరియర్ పెట్టెకు టేపు కొనుక్కోవచ్చు.

కాబట్టి ఈ జిల్లాల యువతకు ఇవ్వదగిన సలహా ఒక్కటే. ఐడియా ఉంటే చాలు అని ఎవరైనా చెబితే, కోర్సు ఫీజు ఇప్పుడు కట్టం, మొదటి లక్ష చేతికొచ్చాక అందులోంచి ఇస్తాం అనండి. గురువుకు తన మాట మీద నమ్మకముంటే ఒప్పుకోవాలి. ఫీజు ముందే కట్టాలి అన్నాడంటే ఐడియా ఒక్కటే చాలదని అందరికన్నా ముందు తెలిసినవాడు ఆయనే. అదే షరతు నాయకులకూ పెట్టొచ్చు: మా ఐడియాకు చప్పట్లు వద్దు, రేకుకు అప్పు, అమ్మకానికి పూచీ ఇవ్వండి, మిగిలింది మా చేతులు చూసుకుంటాయి.