చేపపిల్లలు వదిలే పెద్దలకు విన్నపం

గౌరవనీయులైన అధికారి గారికి,

కాగజ్‌నగర్ నుంచి రాస్తున్నాను. చెరువులో చేపపిల్లలు వదులుతున్న తమరి ఫొటో చూశాం. వెనుక ఫ్లెక్సీ, పక్కన పెద్దలు, చేతిలో ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచి, అన్నీ కుదిరాయి. 2016-17 నుంచి నూరు శాతం రాయితీ మీద సాగుతున్న మంచి పథకం ఇది. కుంటలకైతే 35-40 మిల్లీమీటర్ల పిల్ల, జలాశయాలకైతే 80-100 మిల్లీమీటర్ల పిల్ల అని కొలత కూడా పెట్టారు. పిల్లకు కొలత ఉంది, సంతోషం. అది బతకాల్సిన నీళ్ల కొలత ఏదండీ? అందులో ఆక్సిజన్ ఎంతుందో ఆ ఫ్లెక్సీ మీద ఒక మూల రాసినా సరిపోయేది. విప్పిన సంచులు కట్ట మీదే ఎందుకున్నాయి? అవి గాలికి కొట్టుకుపోయి మత్తడికి అడ్డం పడితే తీసేదెవరు? మర్యాదగా రాయాలనే మొదలుపెట్టాను, మూడో ప్రశ్నకే ఓపిక అయిపోయింది.

ఈ ఊళ్లో వాగు మాట ఎత్తితే అందరి వేలూ కాగితం మిల్లు వైపే తిరుగుతుంది. మిల్లు వదిలే నీళ్లకు మిల్లే జవాబు చెప్పాలి, 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం పట్టుకుని గట్టిగా అడగాల్సింది మీరే. కానీ అదే మిల్లు 2014లో మూతపడి 2018 దాకా తెరుచుకోలేదు. ఆ నాలుగేళ్లూ మన మోరీలు మూతపడ్డాయా? బట్టలుతికిన సబ్బునీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు, కోళ్ల దుకాణం కడిగిన నీళ్లు, మెకానిక్ షెడ్డు ముందు పారబోసిన ఆయిలు ఆగాయా? ఒక్క ఇంటి బకెట్‌తో వాగు చెడుతుందా అంటారు. చెడదు. కానీ మోరీలో పారేది ఒక్క ఇంటి బకెట్ కాదు. వీధులన్నీ మోరీలోకి, మోరీ ఒర్రెలోకి, ఒర్రె పెద్దవాగులోకి, పెద్దవాగు ప్రాణహితలోకి, అది కాళేశ్వరం దగ్గర గోదావరిలోకి పోతాయి. పల్లం ఎటుంటే మన పాపం అటే పోతుంది.

సబ్బునీళ్లకు చేప వెంటనే చావదు కదా అనే వాదన కూడా ఉంది. నిజమే, అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. సబ్బుపొడిలోని ఫాస్ఫేటు, మురుగులోని నత్రజని నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువవుతాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి తానే దాన్ని పీల్చుకుంటుంది. అడుగున కుళ్లే చెత్త మిగిలినదీ లాగేస్తుంది. లీటరు నీటిలో అయిదు మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకు హాయి, మూడుకు దిగితే గండం. అందుకే తెల్లవారుజామున బొచ్చెలూ రవ్వలూ పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. మీరు వదిలే పిల్లలో ఎక్కువ భాగం ఈ జాతులదే. గాలి కూడా పీల్చగల కొర్రమట్ట గట్టిది, పైగా మన తెలంగాణ రాష్ట్ర చేప. దానికేం భయం అనుకుంటే అదీ తప్పే. అది ఒడ్డునున్న గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఎర్రెర్రగా గుంపుగా తిరిగే పిల్లలకు తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. సరిగ్గా ఆ ఒడ్డునే మనం కూల్చిన గోడల ఇటుకముక్కలు పోస్తున్నాం.

పత్తి చేల సంగతి కూడా చెప్పాలి. అప్పుల్లో ఉన్న రైతుకు చేపల నీతులా అంటారు. రైతును పంట మానమనడం లేదు. పురుగుకు వాడే పైరిత్రాయిడ్ మందులు మనిషి కంటే చేపకు ఎన్నో రెట్లు విషం. పిచికారీ అయ్యాక పంపును ఒర్రెలో కడగవద్దు, ఖాళీ డబ్బా గట్టు మీద వదిలేయవద్దు, వాన ముసురుకుంటుంటే మందు కొట్టవద్దు. వీటికి రూపాయి ఖర్చు లేదు, కొట్టుకుపోయే మందు డబ్బు కూడా మిగులుతుంది. చెప్పేవాడు మాత్రం కావాలి. మందు అమ్మేవాడు చెప్పకపోతే మీరు చెప్పరా? వాగులో విషం కలిపి, జిలెటిన్ పేల్చి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. ఇంత పాత చట్టాన్ని ఇంకెప్పుడు బయటికి తీస్తారు?

జనం మారకపోతే మేమేం చేస్తామని మీరంటారు. జనం మారాలి, ఒప్పుకుంటాం. కానీ చెత్త వేయవద్దని బోర్డు పెట్టి, చెత్తకుండీ పెట్టకపోతే మారేదెలా? మురుగు శుద్ధి కాకుండా చెరువుకు చేరుతుంటే చేపపిల్లలను పోయడం ఓటికుండలో నీళ్లు పోయడమే. పైగా ఆ పిల్ల పెరిగితే తప్ప పూట గడవనివాళ్లు మత్స్య సొసైటీల్లో ఉన్నారు. పిల్ల చస్తే పథకం పుస్తకంలో ఖర్చు కనిపిస్తుంది, వాళ్ల వలలో ఏమీ కనిపించదు. వ్యంగ్యం చాలిస్తున్నాను సార్. వచ్చే ఏడు పిల్లలు వదిలే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, ఆ లెక్క గ్రామపంచాయతీ గోడ మీద రాయించండి, చెరువులోకి దిగే మోరీని దారి మళ్లించండి, మందు డబ్బాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఒకటి చేయండి. ఈ నాలుగూ అయ్యాక ఎన్ని ఫొటోలైనా దిగండి, ఫ్లెక్సీ ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
కాగజ్‌నగర్ పౌరుడు