హోర్డింగు వచనానికి టీకా తాత్పర్యము

అవతారిక

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు బారులు తీరే మాఘ ఫాల్గుణాల్లో, కమీషన్ కొట్లో లెక్క తేలి రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చిన మూడో నాటికి, పదహారో నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా ఈ వచనం వెలుస్తుంది. కవి ఎవరో తెలియదు. ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది. కాళిదాసుకు కొలిచెలమ మల్లినాథసూరి దొరికాడు. ఈ కవికి ఎవరూ దొరక్కపోవడంతో నేను పూనుకున్నాను.

మూలము

హైవేకి కూతవేటు దూరంలో, ప్రపోజ్డ్ లేఅవుట్. క్లియర్ టైటిల్. నూరు శాతం వాస్తు. స్పాట్ రిజిస్ట్రేషన్. కొద్ది ప్లాట్లే మిగిలినవి. బ్యాంకు లోను సదుపాయం కలదు.

టీక

హైవేకి = జాతీయ రహదారికి, కూతవేటు దూరంలో = కూత వినబడేంత దూరంలో. ఎవరి కూత అన్నది అధ్యాహార్యము. మనిషి కూత అని కొందరు. స్థలం చూసి వచ్చినవాళ్లు మాత్రం రైలు కూత అంటారు. ఈ రెండో మతానికి దొనకొండ ప్రమాణం. గుంటూరు–గుంతకల్లు లైనులో ఉన్న ఆ ఊరికి బ్రిటిష్ కాలం నాటి విమానాల రన్‌వే ఉంది, చుట్టూ సర్కారు భూములున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోతుండగానే రాజధాని అక్కడే అన్న కూత లేచింది, దాని వెంట బేరాలూ లేచాయి. ఆ ఏడాది సెప్టెంబరు 4న శాసనసభలో ముఖ్యమంత్రి విజయవాడ పరిసరాలని ప్రకటించారు. కూత ఆగింది. ఆ కూత విని అప్పు చేసి కొన్నవాడి వడ్డీ ఆగలేదు.

పోనీ, రాజధాని నిజంగా వచ్చిన చోట కొన్నవాళ్ల సంగతేమిటి? 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట పడింది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. ఈ చివరి రెంటికీ నడుమ 64 నెలలు. ఇక్కడ వ్యాఖ్యాత అలంకారాలు పక్కన పెట్టి లెక్క వేయవలసి ఉంది. మన పల్లెల్లో నోటు అప్పుకు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనుకుందాం. 64 నెలలకు నూరు రూపాయల అసలుకు 128 రూపాయల వడ్డీ. అదీ బారు వడ్డీ లెక్క. ప్రామిసరీ నోటు మూడేళ్లకు చెల్లకుండా పోతుంది గనక గడువు లోపలే తిరగరాయిస్తారు, తిరగరాసేటప్పుడు వడ్డీని అసల్లో కలుపుతారు. పది లక్షల నోటు మూడేళ్ల చివర 17 లక్షల 20 వేల నోటు అవుతుంది. రాజధాని కోసం పూలింగులో భూమి ఇచ్చిన రైతుకు ఆలస్యంగానైనా కౌలు వచ్చింది. పక్క ఊళ్లో నోటు రాసి ప్లాటు కొన్నవాడికి కౌలూ లేదు, పత్తీ లేదు.

కొత్తగా పుట్టిన పాఠాంతరం: హైవేకి బదులు "అమరావతి ఔటర్‌కి" అని. సుమారు 190 కిలోమీటర్ల, రాబోయే ఆ రింగు రోడ్డు పక్కన కొంటే ఒక రకం, సరిగ్గా దాని కింద కొంటే ఇంకో రకం. ఎలైన్‌మెంటులో మీ సర్వే నంబరు ఉందేమో చూడకుండా కదలకండి.

ప్రపోజ్డ్ లేఅవుట్ = అనుమతికి అర్జీ పెట్టిన, లేక పెట్టబోతున్న లేఅవుట్. పంచాయతీ ముద్రతో లేఅవుట్ పక్కా కాదు. సీఆర్డీఏ లాగా లేఅవుట్లు మంజూరు చేసే అధికారం ఉన్న సంస్థ ఇచ్చిన లేఅవుట్ పర్మిట్ (ఎల్పీ) నంబరు కావాలి. స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ప్లాట్లు ఎనిమిది గానీ మించితే రెరా రిజిస్ట్రేషనూ ఉండాలి, ఆ నంబరు ప్రకటనలోనే ఉండాలి. లేకపోతే అది "ప్రీ లాంచ్ ఆఫర్" అను ప్రక్షిప్త భాగం. నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే 2016 రెరా చట్టం ప్రకారం తప్పు. నంబరు ఉన్నా, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. "మా దగ్గర అలా కుదరదండీ" అన్నవాడు చట్టం తనకు కుదరదని చెబుతున్నాడని అన్వయించుకోవాలి.

క్లియర్ టైటిల్ = అమ్మేవాడి మనసులో తేటగా ఉన్న హక్కు. కాగితాల్లోనూ తేటగా ఉందా అన్నది వేరు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి. 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడాలి. దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్, సర్కారు భూములన్నీ అందులోనే కాపురం ఉంటాయి. ఇక చుక్కల భూములు. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట పేరు లేకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. వ్యాకరణంలో బిందువు పూర్ణానుస్వారం. రెవెన్యూలో మాత్రం శూన్యం. ప్రకాశం పల్లెల్లో ఆ చుక్కలు ఎక్కువ. వాటిని సరిచేసేందుకు 2017లో చట్టమే చేశారు.

నూరు శాతం వాస్తు = తూర్పు తూర్పునే ఉన్నది. గుమ్మం ఎటు ఉండాలో చెప్పిన శాస్త్రం, మొన్నటిదాకా పత్తి వేసిన నల్లరేగడి ఎండకు పగిలి వానకు ఉబ్బుతుందని హెచ్చరించలేదు. ఏప్రిల్లో చూడండి, బెత్తెడు నెర్రెల మధ్య పసుపు రంగు వేసిన హద్దు రాళ్లు తలో పక్కకు ఒరిగి ఉంటాయి. రాయే నిలవని చోట గోడ ఊరికే నిలవదు. పునాది లోతుకు పోవాలి, పైల్సు వేయాలి, ఖర్చు పెరుగుతుంది. గజం ధర బేరమాడేటప్పుడు ఈ ఖర్చు మీ నోట రావాలి.

స్పాట్ రిజిస్ట్రేషన్ = అక్కడికక్కడే రిజిస్ట్రేషన్, ఆలోచన తరువాత. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి నూటికి ఏడున్నర. దాన్ని మిగుల్చుకోవడానికి దస్తావేజులో తక్కువ రాసి, మిగతాది సంచీలో ఇస్తారు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా. కొన్నవాడి నష్టం ఇంకో రకంది. రేపు ఔటర్ కింద ఆ స్థలం పోతే పరిహారం లెక్కలోకి వచ్చేది సర్కారు విలువో, దస్తావేజుల్లోని ధరో; సంచీలో ఇచ్చింది ఎవరి లెక్కలోకీ రాదు.

కొద్ది ప్లాట్లే మిగిలినవి = అతిశయోక్తి. కాదు, స్వభావోక్తి అని వాదించే ఇన్నోవా పండితులు ఉన్నారు. స్థలం చూపించాక వాళ్లు పెట్టే భోజనం బాగుంటుంది.

బ్యాంకు లోను సదుపాయం కలదు = పరీక్షకు నిలబడగలిగిన ఒకే ఒక్క వాక్యం, కాబట్టే కవి దీన్ని అన్నిటికంటే చిన్న అక్షరాల్లో రాశాడు. బ్యాంకు పానెల్ లాయరు లింకు డాక్యుమెంట్లు వెనక్కి తవ్వి చూస్తాడు. అనుమతి లేని లేఅవుటుకు బ్యాంకు డబ్బివ్వదు. ఇంటి లోను 30 లక్షల వరకు ఆస్తి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఖాళీ స్థలానికి బ్యాంకులు సాధారణంగా ఇంకా తగ్గిస్తాయి. బ్యాంకు వడ్డీ, నోటు వడ్డీలో సగం కూడా ఉండదు. ఒక్క చిక్కు: కంతు నెలనెలా కట్టాలి, మిర్చి డబ్బు ఏడాదికోసారి వస్తుంది. అదీ ఒకే తీరున రాదు. క్వింటా 20 వేలు దాటిన ధరలు చూసిన యార్డులోనే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయలని ధర కట్టవలసి వచ్చింది. మంచి ఏడాది ధర చూసి కంతు ఒప్పుకోవద్దు. ఏడాది కంతులకు సరిపడా డబ్బు పక్కన ఉంటేనే సంతకం పెట్టండి.

తాత్పర్యము

ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అని అడగండి. వాళ్ల కారులో కాకుండా మీరే ఆ బ్రాంచికి వెళ్లి, ఈ లేఅవుట్లో ఇదివరకు ఎవరికైనా లోను ఇచ్చారా అని కనుక్కోండి. మీరు రొక్కం పెట్టి కొనేవారైనా సరే, అడిగి తీరాలి. ఇవ్వలేదన్నారా, టోకెన్ అడ్వాన్సు జేబులోంచి తీయకండి. భోజనం మాత్రం చేసి రండి.