వంపే నా గేరు

నాకు పెడళ్లు లేవు, చైను లేదు, కాలితో నేలను తన్నాల్సిన పనీ లేదు. ముందొక చక్రం, అక్కణ్నుంచి వెనక్కి చీలిన రెండు కొమ్మలు, వాటి చివర చెరో చక్రం, చెరో పాదపలక, ఇంతే నేను. బ్రెజిల్‌కు చెందిన గిల్డో బెలెస్కీ నన్ను రూపొందించాడు, కాలిఫోర్నియాలో ట్రైక్ అని పేరు పెట్టి అమ్మారు. మనిషి హ్యాండిల్ తిప్పుతూ వంపు లోపలికి ఒరిగితే, మూడు చక్రాలూ నేలకు ఆనించే నేనూ ఒరుగుతాను. ఊయల మీద నిలబడ్డ పిల్లాడు సరైన క్షణాన మోకాళ్లు వంచి లేచి ఊపు పెంచుకున్నట్టే, అతని బరువు వంపు కేంద్రం వైపు జరిగినప్పుడల్లా నా వేగం కాస్త హెచ్చుతుంది. చదునులో ఇది షికారు. ఎత్తు రాగానే ఆగిపోతే మాత్రం ‘బలం చాలలేదు’ అంటారు. నేనొప్పుకోను.

మనిషి 70 కిలోలు, నేను 10 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద మమ్మల్ని వెనక్కి లాగేది సుమారు 39 న్యూటన్లు. సెకనుకు 2 మీటర్ల చొప్పున ఎక్కడానికి దాదాపు 80 వాట్లు, రాపిడికి ఇంకొంత. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇది మోయలేని భారమేం కాదు. చిక్కంతా మధ్యలో ఊపు మానితే వస్తుంది: ఆ వేగం కాస్తా సుమారు 4 సెకన్లలో, 4 మీటర్లలోపే హరించుకుపోతుంది. చదునులో వంపుకీ వంపుకీ నడుమ దొరికే తీరిక ఇక్కడ దొరకదు. అందుకే నేర్చుకునేవాడు ముందు లయ మార్చుకోవాలి. వంపులు పొట్టిగా ఉండాలి, ఒకటి చల్లారకముందే రెండోది అందుకోవాలి, ఒళ్లు ముందుకు వాలాలి. కంగారుపడి హ్యాండిల్‌ను మరీ మెలితిప్పితే ముందు చక్రం అడ్డం తిరిగి గరగరమంటూ, ఉన్న వేగాన్ని కూడా మింగేస్తుంది.

రోడ్డును ఏటవాలుగా కోసుకుంటూ పోతే వాలు తగ్గదా అంటారేమో. తగ్గుతుంది. రోడ్డు దిశకు 60 డిగ్రీల కోణంలో పోతే సగమే. కానీ దూరం రెట్టింపవుతుంది, పైగా రోడ్డంతా నా సొత్తు కాదు, కార్లు వస్తుంటాయి. అంత కష్టమెందుకు, సైకిలెక్కొచ్చుగా అన్నా కాదనను. పైకి చేరడమొక్కటే పనైతే సైకిలే మేలు, గేరు మార్చి కూర్చుని తొక్కొచ్చు. నాతో అయితే చేతులు, నడుము, తొడలు అన్నీ కదలాలి, అందులో కొంత శ్రమ పక్కకు ఊగడానికే పోతుంది. ఒళ్లంతా కదలాలనుకునేవాడికే నేను. నూటికి 10 మీటర్లు లేచే చోట లాగుడు రెట్టింపై, ఆగకుండా ఉండే వ్యవధి 2 సెకన్లకు పడిపోతుంది. అక్కడ దిగి, నన్ను మడిచి, చేత పట్టుకుని నడవడమే తెలివి. నాకేం నామోషీ లేదు.