రోగం దిగింది, మందు ఎక్కింది

కరోనా మన రాష్ట్రానికి విమానంలో వచ్చింది. 2020 మార్చి 2న బయటపడ్డ తొలి కేసు దుబాయి వెళ్లొచ్చిన టెకీది. అప్పట్లో అది పాస్‌పోర్టున్నోళ్ల రోగం. అయినా ఊళ్లు మహా జాగ్రత్తపడ్డాయి, పొలిమేరలో ముళ్లకంప కొట్టి అడ్డమేశాయి. కంప ఆపింది ఎవర్ని? పట్నంలో పని పోయి ఇంటికొస్తున్న ఆ ఊరి కొడుకునే.

మేడ్చల్ రోడ్డు మీదైతే ఏప్రిల్, మే నెలల్లో జాతరే. నెత్తిన మూట, చంకన బిడ్డ, తెగిన చెప్పులు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నాగపూర్ దిక్కు వలస కూలీల నడక. లింగంపల్లి నుంచి హటియాకు తొలి శ్రామిక్ రైలు మే 1న కదిలేసరికి దేశమంతా తాళం పడి అయిదు వారాలు దాటింది.

ఇక కేసుల లెక్కలు. బులెటిన్‌లో జీహెచ్‌ఎంసీ ఒక వరుస, మేడ్చల్ మల్కాజిగిరి మరో వరుస. అల్వాల్, కుత్బుల్లాపూర్ అప్పట్లో రెండింట్లోనూ ఉండేవి. ఏ వరుసలో నిలబడాలో తెలియక పాపం వైరస్ ఎంత తికమకపడిందో! పరీక్షలు తగ్గిస్తే కేసులు తగ్గుతాయన్న సూత్రం మాత్రం అప్పటి మన పాలకుల సొంతం. అది బుర్రకెక్కక కాబోలు, హైకోర్టు పదే పదే చీవాట్లు పెట్టింది.

వయసు సంగతీ అంతే. ముసలోళ్ల జబ్బన్నాం. 2021 మార్చి 1న 60 దాటినవాళ్లకు, ఏప్రిల్ 1న 45 దాటినవాళ్లకు టీకా అన్నాం. రెండో వేవ్ ఆ వరుస పాటించలేదు, పడుచువాళ్ల మీదా పల్లెల మీదా పడింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు మే 1న 18 దాటినవాళ్లకూ తలుపు తీశారు. సరిగ్గా ఆ రోజే మన ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ శాఖ ఊడింది. అంబులెన్సులు ఆస్పత్రుల దిక్కు, కెమెరాలు శామీర్‌పేటలో ఆయన ఇంటి దిక్కు పరుగులు తీశాయి.

ఆ శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కొవాగ్జిన్ పుట్టిల్లు. 2020 నవంబర్ 28న ప్రధాని స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. జనవరిలో టీకా పెట్టెలు విమానమెక్కాయి. రోగం విమానం దిగి ఊళ్లోకి నడిచొచ్చింది. మందు ఊరి పక్కన పుట్టి విమానమెక్కింది. మే నడుమ రాష్ట్రంలో కొవాగ్జిన్ రెండో డోసు ఆపేశారు. కేంద్రం నుంచి స్టాకు రాలేదట.

తుర్కపల్లి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది.