బొటనవేలి మీద ఐఐటీ

పేరెంట్స్ మీటింగు రోజు స్కూలు వరండాలో రెండు టేబుళ్లు వేస్తారు. మొదటి టేబుల్ దగ్గర ఫీజు బకాయి ఎంతో చెబుతారు. రెండో టేబుల్ దగ్గర పిల్లవాడు ఏమవుతాడో చెబుతారు. మొదటి చోట నెలాఖరు దాకా గడువడిగిన తండ్రే రెండో చోట ఫోన్ తీసి అక్కడికక్కడే కొన్ని వేలు కొట్టేస్తాడు. ఆ టేబుల్ మీద ఒక ల్యాప్‌టాప్, అరచేతిలో పట్టే స్కానర్. వెనక మెదడు బొమ్మ వేసిన ఫ్లెక్సీ. ఎదురుగా టై కట్టుకున్న ఓ కుర్రాడు. పరీక్ష పేరు డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్, ముద్దుగా డీఎంఐటీ. నోరు తిరగని పేరున్నదేదైనా శాస్త్రమేనని మనకో గట్టి నమ్మకం. సగం బేరం అక్కడే తెగిపోతుంది.

పరీక్షకు కూర్చున్నవాడికి ఏడేళ్లు. చేతినిండా చిప్స్ మసాలా. టై బాబు తడి టిష్యూతో ఒక్కో వేలూ తుడిచి, ఎడమ పక్క, నడిమధ్య, కుడి పక్క అంటూ పది వేళ్లనూ మూడేసి సార్లు గాజు మీద నొక్కిస్తాడు. వాణ్ణి ఒక్క ప్రశ్న అడగడు. పేరు కూడా వాళ్లమ్మే చెబుతుంది. బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా, బళ్లో ఎవరితో ఆడతాడు, ఏ పాఠం దగ్గర ఏడుపు ముంచుకొస్తుంది, ఇవేవీ పరీక్షకు అక్కర్లేదు. పది వేళ్లు పోను మిగతా పిల్లవాణ్ణి ఇంట్లో వదిలేసి వచ్చినా రిపోర్టుకు లోటుండదు.

రిపోర్టు వారానికి వస్తుంది. మందపాటి అట్ట, రంగుల చక్రాలు, శాతాలు. బొటనవేలు మెదడు ముందుభాగానికి ప్రతినిధి అట, చిటికెనవేలు వెనకభాగానికట. మిగతా వేళ్లు తలా ఒక ముక్క పంచుకున్నాయట. ఈ లెక్కన ద్రోణాచార్యుడు ఏకలవ్యుడి దగ్గర పుచ్చుకున్నది వేలు కాదు, ప్లానింగ్ సామర్థ్యం. తర్వాత స్వభావ నిర్ణయం. దీనికి నాలుగు పక్షులుంటాయి: గద్ద, నెమలి, పావురం, గుడ్లగూబ. గద్దయితే నాయకుడు, నెమలయితే నలుగురిలో మెరిసేవాడు, పావురమయితే శాంతమూర్తి, గుడ్లగూబయితే ఆలోచనాపరుడు. ఇంటి మీద గుడ్లగూబ వాలితే శాంతి చేయించే ఇంట్లో కొడుకే గుడ్లగూబని తేలినప్పుడు ఆ తల్లి మొహం చూడాలి. "అది విజ్డమ్‌కి గుర్తు మేడమ్" అని టై బాబు సర్దిచెబుతాడు. చిలక జోస్యానికీ దీనికీ తేడా ఒక్కటే. ఇక్కడ ఇన్ని పక్షులున్నాయి గానీ చిలక లేదు. ఆ పని టై బాబే చూసుకుంటాడు.

ఈ వ్యాపారం కిటుకల్లా నిజం పక్కనే అబద్ధానికి కుర్చీ వేయడం. డెర్మటోగ్లిఫిక్స్ నిజమైన శాస్త్రమే. 1926లో హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టిన పేరది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల చేతిగీతల్లో తేడాలుంటాయని ఆయన చూపించాడు. హోవర్డ్ గార్డ్‌నర్ కూడా నిజమైన మనిషే. తెలివి ఒక్కటి కాదు, పలు రకాలని 1983లో పుస్తకం రాశాడు. ఆయన సిద్ధాంతానికీ వేలిముద్రలకూ ఏ చుట్టరికమూ లేదు, అమ్మేవాళ్లు కలిపింది తప్ప. ఇంకా వెనక్కి వెళ్తే ఫ్రాన్సిస్ గాల్టన్ ఉన్నాడు. తెలివితేటలు రక్తంలోనే వస్తాయని జీవితమంతా వాదించి, మనుషుల్ని మేలురకం, నాసిరకం అని వేరుచేయాలని తహతహలాడిన పెద్దమనిషి. 1892లో వేలిముద్రల మీద పుస్తకం వేస్తూ, ఈ గీతల్లో జాతీ స్వభావమూ బయటపడతాయని ఆశపడ్డాననీ, ఆ ఆశ వమ్మయిందనీ అందులోనే ఒప్పుకున్నాడు. అంత పట్టుదల ఉన్నవాడికి దొరకనిది మన స్కూలు వరండాలో పది నిమిషాల్లో దొరుకుతోంది. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని భారతీయ మనోవైద్యుల సంఘం 2019లో ప్రకటించింది. ఆ ప్రకటన స్కూళ్ల నోటీసు బోర్డుల దాకా వచ్చినట్టు లేదు.

టై బాబుకు ఇంకో వాదన కూడా నేర్పి పంపుతారు. గర్భంలో చర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయి కాబట్టి ఒకదాన్ని చూసి రెండోది చెప్పొచ్చట. పుట్టే మాట నిజమే. జుట్టు, గోళ్లు కూడా ఆ పొర నుంచే వస్తాయి. కాబట్టి కెరీర్ కౌన్సెలింగ్ సెలూన్లోనే చెప్పించుకోవచ్చు, క్రాఫు కూడా కలిసొస్తుంది. రేషన్ షాపులో మిషను మీద వేలిముద్ర పడక, కొంగుకు చెయ్యి తుడుచుకుని మళ్లీ మళ్లీ నొక్కే అవ్వ సంగతేమిటి? నాట్లు వేసీ అంట్లు తోమీ గీతలరిగిపోయిన ఆవిడకు మెదడూ అరిగిపోయినట్టేనా? తాతలు చదువు రాక వేలిముద్ర వేశారు. మనవలు ఏ చదువు చదవాలో తేలక వేస్తున్నారు.

"ఏమో గానీ, మావాడికి అచ్చుగుద్దినట్టు సరిపోయిందండీ" అంటారు. సరిపోదూ మరి! 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే ప్రొఫెసరు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, నీ వ్యక్తిత్వం ఇదీ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంతబాగా సరిపోయిందో అయిదుకు మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. 'ఇష్టమైన పనయితే శ్రద్ధగా చేస్తాడు, బలవంతపెడితే మొండికేస్తాడు' అని రిపోర్టులో చదివి తల్లి పొంగిపోతుంది. మేకపిల్లక్కూడా సరిపోయే వాక్యం అది. వంటమనిషిని పెట్టుకునేటప్పుడు ఇంతకుముందు ఎక్కడ చేశావని పదిసార్లు అడిగే ఇల్లాలు, నీకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా బాబూ అని టై బాబును ఒక్కసారీ అడగదు.

ఇంతవరకూ పోయింది డబ్బే. ఇక రెండో అంకం.

అదే పిల్లవాడు మూడో తరగతికొస్తాడు. బీ రాయమంటే డీ రాస్తాడు. పైకి చదవమంటే కడుపునొప్పి వస్తుంది. లెక్కలు నోటితో చెప్పమంటే చకచకా చెప్పేస్తాడు. క్లాసు టీచరు భయపడుతూనే, "ఒకసారి సైకాలజిస్టు దగ్గర అసెస్‌మెంట్ చేయించండి" అంటుంది. అంతే, ఇంట్లో మూడు గొంతులు ఒక్కసారే లేస్తాయి. "మావాడికేమన్నా పిచ్చా?" అని తండ్రి. "వీళ్ల నాన్నకూ నాలుగో క్లాసు దాకా చదువంటలేదు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్లో లేడూ?" అని నాయనమ్మ. "రేపు సంబంధాలు రావద్దూ?" అని మేనత్త. పిల్లవాడికి ఎనిమిదేళ్లు. చదవలేక అవస్థపడే పిల్లవాడి సినిమా 'తారే జమీన్ పర్' టీవీలో ఎప్పుడొచ్చినా కళ్లొత్తుకునేది కూడా ఈ ముగ్గురే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. నలభై ఏళ్లు దాటినా ఆ పేరు పలికేటప్పుడు మనవాళ్లు గొంతు తగ్గిస్తారు.

చివరికి ఎదురింటివాళ్లతో కళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి బయల్దేరతారు. విచిత్రమేమిటంటే సైకాలజిస్టు కూడా ముందు కళ్లూ చెవులే పరీక్ష చేయించుకుని రమ్మంటుంది. ఆ తర్వాత ప్రశ్నలు. కాన్పు ఎలా జరిగింది? పుట్టగానే ఏడ్చాడా? ఎన్నో నెలలో కూర్చున్నాడు? మొదటి మాట ఎప్పుడు? నోట్‌బుక్కులు తెప్పించి తిరగేస్తుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. ఇంట్లో తెలుగు, బళ్లో మాత్రమే ఇంగ్లిషు వినేవాణ్ణి ఇంగ్లిషు మాటలకు అర్థాలడిగితే తేలేది వాడి మీడియమే గాని తెలివి కాదు. పిల్లవాడితో ఒకటికి రెండుసార్లు విడిగా కూర్చుంటుంది. ఎరుపు తెలుపు దిమ్మలిచ్చి బొమ్మ కూర్చమంటుంది, తను చెప్పిన అంకెల్ని వెనకనుంచి చెప్పమంటుంది. జవాబుతోపాటు, చిక్కు రాగానే వాడు దిమ్మల్ని తోసేశాడా, తలుపు వైపు చూశాడా, మళ్లీ మొదలుపెట్టాడా అన్నదీ రాసుకుంటుంది. బయట కూర్చున్న తండ్రికి ఇదంతా సాగతీతగా ఉంటుంది. "ఇంతకీ పర్సంటేజీ ఎంత మేడమ్?"

ఆ పర్సంటేజీ మీదే మన ధ్యాసంతా. ఐక్యూ సగటు 100. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు 85కీ 115కీ మధ్యే ఉంటారు. మరో రోజు పెడితే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టే ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన రిపోర్టులో నంబరు పక్కన ఇంత నుంచి ఇంత దాకా అని కూడా ఉంటుంది. మనం దాన్ని ఎంసెట్ ర్యాంకులా చదువుతాం. 118 వస్తే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి, 86 వస్తే బీరువాలోకి. చివరి రెండు పేజీల్లో అసలు సరుకుంటుంది: ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ప్రశ్న చదివి వినిపించండి, రాతకు ఎక్కువ సమయమివ్వండి, రెండు మూడేళ్లాగి మళ్లీ చూపించండి. ఆ పేజీలు టీచరు చేతికి చేరాలి. చేరవు, ఎందుకంటే స్కూలుకు తెలిస్తే పరువు తక్కువ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది, సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం కూడా ఇస్తుంది. మూడో తరగతిలో ఆ సర్టిఫికెట్ మచ్చ అన్న కుటుంబమే పదో తరగతి హాల్ టికెట్లు వచ్చే వేళకు, "గంటకు ఎన్ని నిమిషాలు ఎక్కువిస్తారండీ?" అని వాకబు చేస్తుంది. మధ్యలో ఏడేళ్లు వాడు సోమరి కింద జమ.

అమెరికా వెళ్లినవాళ్లు మారారేమోనని చూస్తే, అక్కడ గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లో సీటు కోసం కోగాట్ అనే పరీక్షకు రెండో తరగతి పిల్లలకు కోచింగు పెట్టించే మనవాళ్లున్నారు. తెలివిని కొలిచే పరీక్షకు బట్టీ పట్టించడం ఒక్క మనకే సాధ్యం. అదే స్కూలు, మీవాడికి చదవడంలో ఇబ్బంది ఉన్నట్టుంది, పైసా ఖర్చు లేకుండా మేమే అసెస్‌మెంట్ చేస్తాం, సంతకం పెట్టండి అంటే ఆ కాగితం ఫ్రిజ్ మీద ఆరు నెలలుంటుంది. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే ఈ పరీక్షలకు మొదటి రూపమిచ్చింది ఏ పిల్లవాడికి సాయం కావాలో తెలుసుకోవడానికి. తెలివి పెరగదూ తరగదూ అనేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. 1911లోనే పోయాడు, ఇవన్నీ చూడాల్సిన అవసరం తప్పింది.

అసెస్‌మెంట్‌లో ఇంకో కాగితం ఉంటుంది. వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్. 1935లో ఎడ్గర్ డాల్ తయారుచేసినదాన్ని నాగపూర్‌లో మాలిన్ మన పిల్లలకు తగ్గట్టు మార్చాడు. దీనికి జవాబు చెప్పాల్సింది పిల్లవాడు కాదు, పెంచినవాళ్లు. వయసుకు తగ్గ పనులు తనంతట తను చేసుకుంటున్నాడా అన్నదే ఇందులో సంగతి. వేలిముద్రల రిపోర్టు మొత్తంలో ఒక్క ప్రశ్నా ఎదురుకాని తల్లిదండ్రులు ఇక్కడికొచ్చేసరికి కుర్చీలో కదులుతారు. ఇంకో ఇంటి పిల్లవాడి సంగతి చూడండి. పన్నెండేళ్లవాడు, ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్.

"అన్నం తనే కలుపుకుని తింటాడా అమ్మా?"

"నేనే పెడతానండీ. చదువుకుంటూ తింటాడు."

"షూ లేసులు?"

"వాళ్ల నాన్న కడతారు. బస్సొచ్చేస్తుంది కదా."

"ఒక్కడే వీధి చివరి కొట్టుకెళ్లి, చిల్లర సరిచూసుకుని తిరిగొస్తాడా?"

ఈసారి తండ్రి అందుకున్నాడు. "కొట్టుకా? ఒక్కణ్ణే ఎలా పంపుతామండీ? వాడికి క్వాడ్రాటిక్ ఈక్వేషన్లు వచ్చు."