దోమకు ఓటీపీ రాలేదు

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దొరగారు ఒక దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. ఆ పుణ్యాన ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. లోకానికి ఏటా ఆగస్టు 20న దోమల దినం వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరు వచ్చింది. దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అప్పట్లో వైద్యరంగం ఎంత వెనకబడి ఉండేదో దొరగారే రాసిపెట్టారు. నుదుటి చెమట కారి కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయట. పంకా లాగించుకుందామంటే బల్ల మీది దోమలు గాలికి ఎగిరిపోతాయి, అందుకని ఉక్కలోనే కూర్చున్నారు. ఇప్పుడా బాధ లేదు. ఏసీ గదిలో సర్వర్ చల్లగా ఉంటుంది, ఉక్క క్యూలో ఉంటుంది. పరిశోధనకు ఒళ్లు అప్పగించిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కుట్టినందుకు ఒక్కో అణా చొప్పున చేతిలో పెట్టి పంపారు. క్యూఆర్ కోడ్ లేదు, టోకెన్ లేదు, ఆధార్ జిరాక్సు లేదు. ఇంత అరాచకంలో నోబెల్ ఎలా వచ్చిందో ఆ స్వీడన్ వాళ్లనే అడగాలి.

ఇవాళైతే వ్యవహారం పద్ధతిగా నడిచేది. హుస్సేన్ ఖాన్ ముందు ఓపీ కౌంటర్‌కి వచ్చి ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు తీసుకోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటుంది కాబట్టి మీసేవకు వెళ్లి దిద్దించుకు రావాలి. ఆ అణాలు ఫోన్‌పేలో పడవు, అకౌంటుకి కేవైసీ అవలేదు. ఈలోగా జాడీలో ఉన్న దోమ వయసు మీద పడి సహజ మరణం పొందుతుంది. మలేరియా గాలి వల్లే వస్తుందన్న పాత నమ్మకం చెక్కుచెదరకుండా ఉండేది.

సరే, దొరగారిని వదిలేద్దాం. చిలకలగూడ నుంచి జ్వరంతో వచ్చిన ఒక అవ్వ సంగతి చూద్దాం. ఆస్పత్రి పేరు అడక్కండి, ఏ పేరు పెట్టినా కథ ఇదే. కౌంటర్ వెనక కుర్రాడు మంచివాడు, విసుక్కోలేదు.

"అవ్వా, ఫోన్ ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. నా మనవని కాడున్నది."

"మనవడు ఏడున్నడు?"

"ఇంట్ల పండుకున్నడు. రాతిరి డూటీ."

"ఆ ఫోన్‌కే ఓటీపీ పోయింది. వానికి ఫోన్ జేసి అడుగు."

"ఫోన్ వాని కాడున్నది గదా బిడ్డా, నేనెట్ల జేస్తా?"

కుర్రాడు తన సొంత ఫోన్ తీసి చేశాడు. మనవడు ఎత్తలేదు. రాత్రంతా పనిచేసినవాడు పొద్దున పదింటికి ఎందుకు ఎత్తుతాడు? ఎత్తేలోపు ఓటీపీకి కాలం చెల్లింది. దాని ఆయుష్షు దోమ కంటే తక్కువ.

లెక్క చూడండి. ఆభాకు 14 అంకెలు, ఆధార్‌కు 12, ఫోన్‌కు 10, ఓటీపీకి 6. మొత్తం 42 అంకెలు ఒప్పజెబితే గానీ అవ్వ రోగి కాదు. ఇవి కాక ఇంకో అంకె ఆవిడ ఒంట్లో ఉంది, 102 జ్వరం. దాన్ని రాసుకోవడానికి ఆ తెర మీద గడి లేదు.

ఆభా తీసుకోవడం స్వచ్ఛందమేనని ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. ఎవరి మీదా బలవంతం లేదు. ఉన్నవాళ్లు గోడ మీది క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపించి టోకెన్ తీసుకుని పోతారు, లేనివాళ్లు స్వచ్ఛందంగా మధ్యాహ్నం దాకా నిలబడతారు. ఫోన్ ఉండి, అందులో చార్జింగ్ ఉండి, దాన్ని నొక్కడం వచ్చినవాడికి ఆ కోడ్ వల్ల నిజంగానే గంట కలిసొస్తుంది, కాదనను. కానీ సర్కారు దవాఖానాకు వచ్చేదెవరు? ఫోనూ చార్జింగూ నొక్కే వేలూ మూడూ ఒకే మనిషి దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువగా వేరే ఆస్పత్రికి వెళ్తారు.

అవ్వ దగ్గర మాత్రం రికార్డు లేదనుకోకండి. జనరల్ బజార్ చీరల కొట్టు కవర్ ఒకటి చంకలో ఉంది. అందులో మడతపెట్టిన ఎక్స్‌రే, ఎప్పటిదో డిశ్చార్జి సమ్మరీ, నాలుగు డాక్టర్ల చీటీలు, ఏ గోలీ వేసుకుంటుందో చూపించడానికి దాచిన ఖాళీ స్ట్రిప్పులు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ డిజిటల్ హెల్త్ మిషన్ ప్రారంభించినప్పుడు చెప్పిందేమిటి? రోగి చరిత్ర అంతా ఒక్కచోట ఉండాలి, ఏ ఆస్పత్రికి వెళ్లినా వెంట రావాలి, రోగి అనుమతి లేకుండా ఎవరూ చూడకూడదు. ఈ మూడు షరతులూ ఆ కవర్ పాతికేళ్లుగా పాటిస్తోంది. అనుమతి విషయంలో మరీ గట్టిది. అవ్వ చెయ్యి తీస్తే గానీ తెరుచుకోదు.

పైగా దానికి హ్యాంగవడం తెలియదు. 2022 నవంబరు 23న సైబర్ దొంగలు ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు తాళం వేస్తే అంత పెద్ద ఆస్పత్రీ దాదాపు రెండు వారాలు కాగితం, కలం పట్టుకుంది. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడ్డం తిరిగి ఇంగ్లండులో డాక్టర్ల కంప్యూటర్లు నోరెళ్లబెట్టాయి, అమెరికాలో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆ రోజు అవ్వ కవర్‌కి ఏమీ కాలేదు.

ఇప్పుడు రాత్రి డ్యూటీ మనవడి దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడుంది.

వాడు చేసేది కూడా వైద్యసేవే. వాడి రోగులు అమెరికాలో ఉంటారు, అంతే తేడా. ఇరవై పాతికేళ్ల కిందట ఈ జంటనగరాల గోడల నిండా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులుండేవి. అక్కడి డాక్టరు సాయంత్రం ఇంటికి పోతూ టేపులో గొణిగింది, అక్కడ తెల్లారేసరికి మన పిల్లలు ఇక్కడ శుభ్రంగా టైపు చేసి పంపేవారు. ఏ తమిళ డాక్టరు ఇంగ్లిషైనా, ఏ టెక్సాస్ డాక్టరు ముక్కుతో మాట్లాడినా ఒక్క కామా తప్పు పోయేది కాదు. తర్వాత ఆ గొణుగుడు కంప్యూటర్‌కే అర్థమవడం మొదలైంది. ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు దించి, మెడికల్ కోడింగ్ బోర్డులు ఎక్కించారు.

కోడింగ్ అంటే రోగికి వచ్చిన ప్రతి కష్టానికీ ఒక నంబరు వేయడం. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10 అనే పట్టిక వాడుతున్నారు, అందులో నంబర్లు వేలకు వేలు. బాతు కరిస్తే డబ్ల్యూ61.61. బాతు కరవకుండా ఊరికే వచ్చి గుద్దితే డబ్ల్యూ61.62. ఆవు కరిస్తే ఒకటి, ఆవు పొడిస్తే ఇంకొకటి. కుక్క కరిస్తే డబ్ల్యూ54.0. మన పిల్లలకు ఇవి మంచినీళ్ల ప్రాయం. డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారిలో వీధికుక్క పిక్క పట్టుకుంటే, టీకా ఎక్కడ వేస్తారో చెప్పే నంబరు మాత్రం ఆ పట్టికలో లేదు.

ఎక్కడో అమెరికా పల్లెలో బాతు గుద్దిన పిల్లాడి వివరం ఇంత నిక్కచ్చిగా ఎందుకు రాస్తారు? అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ నంబర్లు చూసి డబ్బు కడుతుంది కాబట్టి. నంబరు తప్పితే బిల్లు తిరిగొస్తుంది. అవ్వ జ్వరం మీద ఎవరూ బిల్లు వేయరు, అందుకని ఆ చీటీ మీద రాత ఎవరికీ అర్థం కానక్కర్లేదు. మన దగ్గరా నంబర్లున్న పథకం ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ప్రతి ఆపరేషన్‌కూ ప్యాకేజీ ఉంది, ఆన్‌లైన్ అనుమతి ఉంది. దానికి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలు. ఆ పథకం ఎన్నో గుండెల్ని నిలబెట్టింది. అవ్వ చేసిన తప్పల్లా గుండె కాకుండా జ్వరం తెచ్చుకోవడం.

ఇప్పుడు మనవడికీ నిద్ర పట్టడం లేదట. డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటే పక్కనే విని, రాసేసి, కోడు కూడా వేసేసే యంత్రాలు అమెరికా క్లినిక్కుల్లో దిగాయి. అవ్వకు ఓపీ దగ్గర పట్టిన గతే మనవడికి ఆఫీసులో పట్టేలా ఉంది. ఇద్దరినీ తెర గుర్తుపట్టదు.

ఇక వార్డులోని నర్సమ్మ. కాంట్రాక్టు జీతం, మూడు షిఫ్టుల పని ఇద్దరే చేయడం. ఖాళీ దొరికితే జర్మన్ పాఠాలు చదువుకుంటోంది. జర్మనీ ముసలిదైపోయింది, జపాన్ ఇంకా ముసలిది. చూసుకునే చేతులు కావాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే దగ్గరుండి భాష నేర్పించి పంపుతోంది. వెళ్తున్న పిల్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఇక్కడి జీతం కాగితం చూసినవాడికి అసలే లేదు. అక్కడి అవ్వకు నొప్పి ఎక్కడో అవ్వ భాషలోనే అడగాలని జర్మనీ పట్టుబట్టింది. బాగుంది. మన దగ్గర కార్పొరేట్ ఆస్పత్రికి సూడాన్ నుంచో సోమాలియా నుంచో రోగి వస్తే పక్కన అరబ్బీ దుబాసీ నిలబడతాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషికి డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిషులో ఇచ్చి, కింద సంతకం చేయమంటారు.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల పరిస్థితి ఇంకా విచిత్రం. 2025 మే నుంచి మెడికల్ కాలేజీల్లో బోధించే డాక్టర్లు హాజరు కోసం రోజూ ఫోన్‌కి ముఖం చూపించాలి, తామెక్కడున్నదీ జీపీఎస్‌తో రుజువు చేయాలి. అంటే డాక్టరు ముఖాన్ని యంత్రం తప్పకుండా చూస్తుంది. అవ్వ ముఖాన్ని డాక్టరు చూశాడో లేదో కనిపెట్టే యంత్రం ఇంకా రాలేదు. బయట వందమంది నిలబడి ఉంటే ఆయన మాత్రం ఎంతసేపు చూడగలడు?

ఇదంతా చదివి నన్ను యంత్రాలంటే పడని పాతకాలపు మనిషినని అనుకోవద్దు. ఈ ఊరి పొలిమేరలోనే నేను దండం పెట్టే యంత్రాంగం ఒకటుంది. మేడ్చల్ రోడ్డు మీద దేవరయాంజాల్‌లో 108 వాళ్ల కార్యాలయం. 2005 ఆగస్టు 15న ఆ అంబులెన్సులు హైదరాబాద్‌లో రోడ్డెక్కాయి. మొదలుపెట్టించిన సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న తన కంపెనీ లెక్కల్లో కల్పితాలున్నాయని తానే ఉత్తరం రాసుకున్నారు. కంపెనీ చేతులు మారింది, అంబులెన్సు యాజమాన్యమూ చేతులు మారింది, 108 నంబరు మారలేదు. దాని వెనక కంప్యూటర్లు లేవా? ఓపీ దగ్గర ఉన్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి. బండి ఎక్కడుందో, దగ్గర ఆస్పత్రి ఏదో వెతికే పని వాటిది. ఫోన్ చేసినవాడిని అడిగేది రెండే ముక్కలు: ఏమైంది, ఎక్కడున్నారు. పక్కింటివాడి ఫోన్‌తో చేసినా బండి వస్తుంది. ఆభా నంబరు చెప్పేదాకా డ్రైవరు గేరు మార్చననడు.

అక్కడ బరువంతా యంత్రం మోస్తుంది. ఓపీ దగ్గర యంత్రాన్ని రోగి మోస్తున్నాడు. నా ఫిర్యాదు ఇంతే.

అదే ఊళ్లో, అవే తెలివితేటలతో, ఒకదాన్ని అలా, ఇంకోదాన్ని ఇలా ఎందుకు కట్టారో ఆలోచిస్తే నాకు తోచిన జవాబు ఒకటి. 108ని రోగి కోసం కట్టారు. కౌంటర్ మీది తెరను పై ఆఫీసుకి పంపే నివేదిక కోసం కట్టారు. ఎన్ని ఆభాలు సృష్టించారన్నది నెలాఖరున కలెక్టర్ సమీక్షలో అడుగుతారు. ఎందరు అవ్వలు క్యూలోంచి వెనక్కి వెళ్లిపోయారన్నది ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి లెక్క లేదు. వెనక్కి పోయినవాళ్లకు టోకెన్ ఇవ్వలేదు కదా.

కాబట్టి అధికారులకు నా విన్నపం. మీ యాప్‌లు ఉంచుకోండి, క్యూఆర్ కోడ్‌లు ఉంచుకోండి, ఇంకో నాలుగు అంటించుకోండి. ప్రతి ఓపీ హాల్లో ఫోన్ లేనివాళ్ల కోసం ఒక కిటికీ తెరవండి. దానికి సర్వర్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక పెన్ను, తెలుగూ ఉర్దూ వచ్చిన ఒక మనిషి చాలు. ఆ మనిషికి జీతం మాత్రం నెలనెలా ఇవ్వండి.