మా రోజుల్లో కిటికీకీ ఓపికుండేది

మా హరిశ్చంద్రపురం చుట్టుపక్కల ఈమధ్య కొత్త చర్చి కడితే చాలు, కిటికీలకు రంగుల స్టిక్కర్లు అతికించేస్తున్నారు. మొన్న ఒక పెళ్ళికి వెళ్తే అక్కడ కిటికీ నిండా దేవదూత. ఉక్కపోతకి ఎవరో ఒక రెక్క తెరిచారు. దూత సగం గుళ్ళో, సగం వీధిలో! కింద గొర్రెపిల్ల చెవి ఉప్పుగాలికి ఊడి వేలాడుతోంది. "స్టెయిన్డ్ గ్లాస్ తాతా, ఒక్క పూటలో వేసేశారు" అన్నాడు మనవడు, అదేదో ఘనకార్యమైనట్టు.

మా రోజుల్లో ఇక్కడ రంగుటద్దాలున్నాయని నేననను. మా వైపు సువార్త తెచ్చిన కెనడా బాప్టిస్టు దొరలకు బొమ్మల మోజు లేదు. వాక్యం చదవాలి, పాట పాడాలి, అంతే. కిటికీకి మామూలు గాజు పలక, దానవతల జీడితోట. లేనిది ఉన్నట్టు చూపించుకునే తాపత్రయం ఎవరికీ లేదు.

అసలు సరుకు చూడాలంటే మెదక్ చర్చికి వెళ్ళాలి. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిన గుడి అది. 1924 డిసెంబరు 25న తెరిచారు. తెరిచేనాటికి రంగుటద్దాల కిటికీలు లేవు. ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. గీసింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ, రాజుల బొమ్మలు వేసిన చెయ్యి. మూడు కిటికీలకు ముప్పై నాలుగేళ్ళు! ఎదురుచూసిన వాళ్ళలో ఎందరో మూడోదాన్ని చూడకుండానే పోయుంటారు. అయినా బొమ్మల చార్టులు అతికించి సరిపెట్టలేదు.

అర్థం కూడా ఎలా అమర్చారో చూడండి. జననం, సిలువ రెండూ పక్కలకి. బలిపీఠం వెనక, మోకరించినవాడి కళ్ళెదుట ఉన్నది పైకి వెళ్తున్న క్రీస్తు. కష్టంతో వచ్చినవాడికి ముందు కనిపించాల్సింది మేకులు కాదని ఎవరో ఆలోచించారు. అక్షరం రాని ముసలమ్మకి కూడా ఆ ప్రసంగం అర్థమవుతుంది.

ఆ రంగు పైపూత కూడా కాదు. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు. ముక్కలు కోసి, వాటిమీద ముఖాలూ మడతలూ గీసి, బట్టీలో కాల్చి, సీసం పట్టీలతో బిగిస్తారు. ఎండుంటేనే బొమ్మ. మబ్బు పట్టిందా, ముఖం నల్లబడుతుంది. చీకటి పడ్డాక ఏమీ కనబడదు. మనవాళ్ళు దానికీ విరుగుడు కనిపెట్టారు, స్టిక్కరు వెనక ట్యూబులైట్లు! సూర్యుడితో పనేముంది, కరెంటు బిల్లు సంఘానిది.

"ఇప్పుడు అంత డబ్బెవరిస్తారు తాతా?" అంటాడు మనవడు. ఇవ్వొద్దురా. డబ్బు లేకపోతే తప్పా? ఆ ప్లాస్టిక్కు గీకేసి, శుభ్రమైన గాజు పలక బిగించండి. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగితే చూసుకోడానికి మాకు జీడితోటయినా ఉంటుంది.